డివిజను సరే, లైను ఎవరి కోసం?

ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను. తీరిక ఉన్నప్పుడు చదవండి.

2025 జనవరి 6న రాయగడ రైల్వే డివిజను భవనానికి ప్రధాని ఢిల్లీ నుంచే వీడియోలో శంకుస్థాపన చేశారు. రెండు రోజులకే, జనవరి 8న, విశాఖపట్నం వచ్చి దక్షిణ కోస్తా జోను ఆఫీసుకీ రాయి వేశారు. అప్పట్నుంచీ మనవాళ్ళ కబుర్లలో రెండు జట్లు తయారయ్యాయి. పార్వతీపురం, విజయనగరం చుట్టాలున్నవాళ్ళు "వాల్తేరు కడుపు కొట్టి రాయగడకి పెట్టారు" అంటారు. ఇక్కడే పుట్టి పెరిగిన కుర్రాళ్ళు "ఇన్నేళ్ళూ విశాఖ తిన్నది చాలదా" అంటారు. ఆ తరవాత ఏ పార్టీ ఇచ్చింది, ఏ పార్టీ ఆపింది అని ఇంకో గంట. మధ్యలో ఎవరో వందే భారత్ ఫోటో పెడతారు, ఇంకెవరో చంద్రయాన్ అంటారు, మాట అటు పోతుంది.

నేను రైల్వేలో గుమాస్తాగా చేసి దిగినవాణ్ణి. డివిజను ఎవరిదన్న తగువు కన్నా నాకు వేరే ప్రశ్న ముఖ్యంగా కనిపిస్తుంది. ఈ కొండల్లోకి వచ్చిన ఒక్కొక్క లైనూ ఎవరికి అవసరమై వచ్చింది? దానికి జవాబు కాగితాల్లో స్పష్టంగానే ఉంది.

మన గుమ్మం ముందున్న లైనుతోనే మొదలుపెడదాం. బెంగాల్ నాగపూర్ రైల్వేవాళ్ళు విజయనగరం నుంచి పార్వతీపురం దాకా 79 కిలోమీటర్లు 1908-09లో వేశారు. అక్కడ ఆగిపోయింది. 1913లో సాలూరుకి ఒక కొమ్మ లాగారు. పార్వతీపురం నుంచి రాయగడ మీదుగా రాయపూర్ దాకా లైను పూర్తయింది 1931లో. పార్వతీపురం దాకా వచ్చిన రైలుకి కొండ దాటడానికి రెండు దశాబ్దాలు ఎందుకు పట్టింది? రాయగడ, కొల్నార జనం రైలెక్కాలని ముచ్చటపడితే కొండ ఎవరూ తవ్వరు. విశాఖపట్నంలో రేవు కడుతున్నారు. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' అనే ఓడ మొదటగా అందులోకి వచ్చింది. డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి లాంఛనంగా తెరిచాడు. మధ్య పరగణాల మాంగనీసు ఆ రేవుకి దిగాలంటే దగ్గర దారి కావాలి. ఆ దారిలో మన ఊళ్ళు పడ్డాయి, అంతే.

ఒక చిన్న సంగతి చెప్పి ముందుకు పోతాను. సింగపూర్ రోడ్ స్టేషన్ బోర్డు దగ్గర ఫోటో దిగి "సింగపూర్ వచ్చాం" అని పెట్టని కుర్రాడు ఈ చుట్టుపక్కల లేడు. స్టేషన్ పేరులో 'రోడ్' ఉందంటే, పాత రైల్వే పద్ధతిలో, ఊరు అక్కడ లేదని అర్థం. ఊరికి పోయే దారి అక్కడ మొదలవుతుంది, మిగతాది నీ కాళ్ళ మీదే. లైను వేసినవాళ్ళకి ఊరు ఎంత ముఖ్యమో ఆ ఒక్క మాటే చెబుతుంది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. అంతకుముందు రోజు దాకా ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీ, విశాఖపట్నం జిల్లా, జయపురం సంస్థానం కింద ఉండేది. తెల్లారేసరికి కూనేరు మద్రాసులో మిగిలింది, రాయగడ ఒడిశాకి వచ్చింది. పట్టాలు మాత్రం కదల్లేదు. మన తాతల కాలంలో తెలుగు ఇళ్ళలో ఈ మార్పు గురించి ఎంత చర్చ జరిగి ఉంటుందో ఊహించుకోవచ్చు. గూడ్సు బండికి మాత్రం ఏ తేడా లేదు, అది రేవుకి దిగుతూనే ఉంది.

ఇక అందరూ గొప్పగా చెప్పుకునే కె.కె. లైను. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా 446 కిలోమీటర్లు. 58 సొరంగాలు. బొడ్డవర దాటాక శిమిలిగుడ దాకా ఎక్కుడు, అరవై అడుగులకి ఒక అడుగు. రైల్వే లెక్కలో అది మామూలు ఎక్కుడు కాదు. స్వతంత్రం వచ్చిన ఇరవై ఏళ్ళలోపే మన ఇంజినీర్లు, కూలీలు ఆ పని చేశారు. వాళ్ళకి ఎంత దండం పెట్టినా తక్కువే.

దాన్ని ఎందుకు వేశారు? 1960లో మన ప్రభుత్వానికీ జపాన్ ఉక్కు మిల్లులకీ ఒప్పందం కుదిరింది. బైలదిలా గనుల నుంచి ఏడాదికి 40 లక్షల టన్నుల ఇనుప ఖనిజం ఇవ్వాలి. అరకు, కోరాపుట్, జయపురం, జగదల్‌పూర్ అన్నీ దారిలో వచ్చిన పేర్లు. తరవాత పెద్ద ఓడలు ఆగడానికి విశాఖలో ఔటర్ హార్బరు కట్టారు, 1976లో. 1982 నాటికి లైనంతా కరెంటు పెట్టేశారు. దేశంలో ఎన్నో పెద్ద లైన్లు ఇంకా డీజిలు మీద నడుస్తున్న రోజుల్లో ఇక్కడ కొండల్లో విద్యుత్ ఇంజిన్లు తిరిగాయి. అంత సాంకేతికత ఉన్న లైనులో మనిషి ఎక్కే బండి దశాబ్దాలపాటు దాదాపుగా ఒక్క కిరండూల్ ప్యాసింజరే. అద్దాల పెట్టె వచ్చింది 2017లో, అదీ అరకు చూడ్డానికి వచ్చే టూరిస్టుల కోసం.

సైన్సు కబుర్లు ఇష్టపడేవాళ్ళకి ఒకటి చెబుతాను. ఇప్పటి మూడు ఫేజుల ఇంజిన్లు కొండ దిగేటప్పుడు బ్రేకు వేస్తే మోటార్లే జనరేటర్లుగా మారి కరెంటుని పైతీగకి తిరిగి పంపుతాయి. ఇక్కడ బరువు బండి దిగుతుంది, ఖాళీ బండి ఎక్కుతుంది. అంటే మన కొండలోంచి తీసిన రాయి తన బరువుతో కరెంటు పుట్టిస్తూ మరీ రేవుకి పోతోంది. ఇంతకన్నా మర్యాదగల సరుకు ఎక్కడుంటుంది!

శిమిలిగుడ గురించి ఏటా తిరిగే మెసేజి ఒకటుంది, దేశంలో అన్నిటికన్నా ఎత్తైన బ్రాడ్‌గేజి స్టేషన్ అని. 996 మీటర్లు, ఒకప్పుడు నిజమే. కాశ్మీరులో 2008లో బ్రాడ్‌గేజి రైలు మొదలయ్యాక ఆ మాట చెల్లదు, అక్కడి స్టేషన్లు దాదాపు 1,600 మీటర్ల పైనే. బ్రాడ్‌గేజి అన్న మాట తీసేసి వట్టి 'ఎత్తైన స్టేషన్' అంటే అసలే కుదరదు, మా తమిళం వాళ్ళ ఊటీ మీటర్‌గేజి రైలు 1908 నుంచీ రెండు వేల మీటర్ల పైన నడుస్తోంది. శిమిలిగుడ గొప్పతనం ఎత్తులో లేదు. అంత ఎత్తుకి సరుకు లైను ఎక్కించారు చూడండి, అక్కడుంది.

కోరాపుట్ నుంచి మన సింగపూర్ రోడ్ దగ్గర కలిసే లైను ఇంకొక కథ. 164 కిలోమీటర్లు, మళ్ళీ కొండలూ సొరంగాలూ. 1981లో నాల్కో పుట్టింది, దమన్‌జోడిలో అల్యూమినా, అంగుల్‌లో అల్యూమినియం. రెంటికీ మధ్య పొడి చేరాలి. లైను పూర్తయ్యేసరికి 1990లు దాటబోతున్నాయి. ఇందిర కాలంలో మొదలైన ఆలోచనకి ఎన్ని ప్రభుత్వాలు మారాయో లెక్కపెట్టుకోండి. "ఎవరిచ్చారు" అని కొట్టుకునేవాళ్ళకి ఈ లైను మంచి మందు. అయితే ఈ లైను వల్ల కోరాపుట్ మనిషికి విశాఖ చుట్టూ తిరగకుండా రాయగడ మీదుగా భువనేశ్వర్ బండి దొరికింది. అది ఒప్పుకోవాలి.

అసలు ఈ చుట్టుపక్కల జనం కోసమే వేసిన లైను ఒక్కటైనా ఉందా? ఉంది. అది చాలా చిన్నది. పర్లాకిమిడి రాజు గౌరచంద్ర గజపతి తన సొంత డబ్బుతో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా రెండున్నర అడుగుల చిన్న లైను వేయించాడు. 1900లో బండి నడిచింది. ఆ రాజుకి గని లేదు, రేవు లేదు. తన ఊరు మెయిన్ లైనుకి దూరంగా ఉండిపోయిందని వేశాడు. 1931 నాటికి అది గునుపురం చేరింది. తరవాత నష్టాల లైను అని ఎన్నిసార్లు పేరుపడినా నడిచింది, ఎందుకంటే సంత సరుకూ పెళ్ళివారూ దాని మీదే పోయేవారు. 2004లో ఆపి, బ్రాడ్‌గేజికి మార్చి, 2011లో మళ్ళీ తెరిచారు.

చూడండి, రాజు వేసిన చిన్న లైను గునుపురంలో ఆగింది, ఓడ కోసం వేసిన పెద్ద లైను మన ఊళ్ళ మీదుగా పోయింది. రెండూ ఒకే జిల్లాలో ఉన్నా కలవలేదు. గునుపురం మనిషి రైల్లో రాయగడ రావాలంటే సముద్రం వైపు నౌపడకి దిగి, విజయనగరం పోయి, మళ్ళీ కొండెక్కి రావాలి. ఎవరూ రారు, బస్సెక్కుతారు.

2024 ఆగస్టు 9న కేంద్ర మంత్రివర్గం ఎనిమిది కొత్త లైన్లకి ఒప్పుకుంది. అందులో ఒకటి గునుపురం - థేరుబలి, 73.62 కిలోమీటర్లు. థేరుబలి మన కొల్నార బ్లాకుదే. రైల్వే కాగితాల్లో 'థేరువలి' అని ఉంటుంది. ఒడియాలో బ, వ ల గొడవ ఎప్పుడూ ఉన్నదే. తమిళంలో ప, బ లకి ఒకటే అక్షరం పెట్టి చదువుకున్న నాకు అందులో తప్పు పట్టే అర్హత లేదు. తెలుగు అక్షరాలు నేను నేర్చుకున్నదే ఈ స్టేషన్ బోర్డుల మీద.

నూటపాతికేళ్ళ తరవాత రాజుగారి లైను కొండ దాటి వచ్చి మెయిన్ లైనుని కలుస్తుందన్నమాట. డివిజను కన్నా ఇది పెద్ద వార్త అని నా అభిప్రాయం. మన కబుర్లలో దీని మీద నాలుగు మాటలు కూడా రాలేదు. ఆ ఎనిమిది లైన్ల ప్రకటనలో రెండు లెక్కలు ఇచ్చారు. 510 గ్రామాలకి, 40 లక్షల మందికి దారి అని ఒకటి. ఏడాదికి 14.3 కోట్ల టన్నుల అదనపు సరుకు అని రెండోది. మొదటి లెక్క రెండోదాని వెనకాల పోకుండా చూసుకోవడం మన పని.

డివిజను సంగతికి వస్తాను. 2014 విభజన చట్టంలో ఆంధ్రకి కొత్త జోను పరిశీలించాలని రాశారు. 2019 ఫిబ్రవరి 27న జోను ప్రకటించారు. అప్పుడు వాల్తేరు డివిజనే ఉండదన్నారు, సగం విజయవాడకి, సగం కొత్త రాయగడకి. 2025 ఫిబ్రవరిలో దాన్ని సవరించి, పలాస - విశాఖ - దువ్వాడ వైపు సుమారు 410 కిలోమీటర్లతో విశాఖపట్నం డివిజను ఉంచారు. కొత్తవలస - కిరండూల్ వైపు, కూనేరు - థేరుబలి, సింగపూర్ రోడ్ - కోరాపుట్, పర్లాకిమిడి - గునుపురం కలిపి సుమారు 680 కిలోమీటర్లు రాయగడకి. వాల్తేరు అన్న పేరు వలస పాలన గుర్తు అని మార్చారు. పెదవాల్తేరు, చినవాల్తేరు వాళ్ళని అడిగితే అది తమ ఊరి పేరేనని చెప్పి ఉండేవారు.

విశాఖవాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. కె.కె. ఖనిజమే ఆ డివిజనుకి అన్నం పెట్టింది. రాయగడవాళ్ళ సంతోషమూ న్యాయమే. ఇక్కడ పనిచేసే గ్యాంగ్‌మన్ ఒక సంతకం కోసం రోజు సెలవు పెట్టి రాష్ట్రం దాటి పోయేవాడు. అది తప్పితే మేలే. కాని ఇద్దరూ తగువు పడుతున్నది సరుకు మీద వచ్చే రాబడి ఏ లెడ్జరులో రాయాలన్న దాని మీద. గుమాస్తాగా చెబుతున్నాను, లెడ్జరు మారినంత మాత్రాన బండ్లు పెరగవు.

మన జిల్లాలోనే ఒకసారి కథ తిరగబడింది. నియమగిరి బాక్సైటు విషయంలో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, ముందు గ్రామసభలని అడగండి అంది. ఆ ఏడాదే రాయగడలో ఏడు, కలహండిలో అయిదు, మొత్తం పన్నెండు గ్రామాలని అడిగారు. పన్నెండూ వద్దన్నాయి. అది మంచిదా కాదా అని మనలో మనకి తేడాలున్నాయి, ఉండనివ్వండి. తవ్వే ముందు అడిగారు అన్నది మాత్రం ఈ కొండల చరిత్రలో కొత్త సంగతి. 1931లో అడగలేదు, 1960లో అడగలేదు.

2024 సెప్టెంబరు 16 నుంచి దుర్గ్ - విశాఖ వందే భారత్ మన ముందు నుంచే పోతోంది. రాయగడలో ఆగుతుంది. థేరుబలి, సింగపూర్ రోడ్ స్టేషన్లలో ఆగదు, ఆగాలని నేనూ అనను. దాని పని వేరు. సంతకి పోయే మనిషికి కావలసింది పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, అన్ని స్టేషన్లలో ఆగే బండి, గూడ్సు కోసం లూపు లైన్లో గంటసేపు పడేయని బండి.

అందుకే సంఘం తరఫున కొత్త డి.ఆర్.ఎం. గారికి వినతిపత్రం రాస్తే, భవనం గురించీ భాష గురించీ తరవాత రాద్దాం. మొదటి పేరాలో గునుపురం - థేరుబలి లైను పని ఎంతవరకు వచ్చిందో అడుగుదాం, రెండో పేరాలో దాని మీద రోజుకి ఎన్ని ప్యాసింజర్లు వేస్తారో అడుగుదాం. ముసాయిదా నేను తయారుచేస్తాను. ఒడియాలోకి మార్చేవాళ్ళు ఒకరు కావాలి, ఆదివారం లోపు చెప్పండి.