కూటికీ గూటికీ బొమ్మలు

అప్పులపాలైనవాడికి ఇల్లు అద్దెకివ్వడానికి ఏ కాలంలోనైనా ఇంటివాళ్ళు జంకుతారు. చిత్రకారుడు రెంబ్రాంట్ పేరు వింటే నాకు బొమ్మలకన్నా ముందు ఆ ఇంటి అద్దె గుర్తొస్తుంది.

1639లో ఆమ్‌స్టర్‌డామ్‌లో 13,000 గిల్డర్లకు పెద్ద ఇల్లు కొన్నాడాయన. ఆ బాకీ తీరకుండానే, వేలంపాటల్లో కంటికి నచ్చినదల్లా కొన్నాడు. 1656లో దివాలా! ఇల్లూ, వస్తువులూ వేలానికెక్కాయి. రోజెన్‌గ్రాఖ్ట్ వీధిలో ఏడాదికి 225 గిల్డర్ల అద్దె ఇంట్లో చేరారు. బొమ్మ గీసి అమ్మితే ఆ డబ్బు అప్పులవాళ్ళు పట్టుకుపోతారాయె! మరి అద్దెకీ, పొయ్యిలోకీ దారేదీ?

ఆదుకున్నది హెండ్రికే. ఒకప్పుడు ఆ ఇంట్లో పనిమనిషి. పెళ్ళి కాకుండానే ఆయనతో కాపురం చేస్తోందని 1654లో చర్చి పెద్దలు నిలదీసి, వెలివేసినంత పని చేశారు. ఆవిడా, ఆయన కొడుకు టైటసూ కలిసి 1660లో బొమ్మల వ్యాపారానికి పత్రం రాయించుకున్నారు. సరుకంతా వాళ్ళిద్దరిదీ. రెంబ్రాంట్ వాళ్ళ దగ్గర పనివాడు. కూలి తిండీ, బసాను. ఇక అప్పులవాళ్ళు జప్తు చేయాలంటే ఆయన కంచంలో రొట్టె తప్ప ఏముంది?

బట్టల నాణ్యం చూసే పెద్దల ప్రసిద్ధ చిత్రం 1662లో గీశాడు. మరుసటేడు ఆవిడ పోయింది. 1669లో, ఆ అద్దె ఇంట్లోనే, ఆయనా పోయాడు.

హెండ్రికేకి సంతకం రాదు, కాగితాల మీద గుర్తు పెట్టేది. ఆయన సంతకానికి విలువ పోయిన రోజుల్లో, ఆ కొంప నిలబడింది ఆవిడ మాట మీదే.