ఎర్రజెండా నాటి కడప పార్లమెంటు స్థానం

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని సంఘం కార్యదర్శిగారు కోరినప్పుడు, మన పింఛనుదారులందరికీ పరిచయమున్న విషయమైతే బాగుంటుందని తోచింది. మనలో ఎలక్షన్ డ్యూటీ చేయని వారు అరుదు. పైగా ఈ మధ్య మా మనుమడు, "తాతా! కడప సీటు మొదటినుంచీ ఒక ఇంటివారిదే కదా!" అన్నాడు. వాడి ఈడు పిల్లలందరూ అదే అనుకుంటున్నారు. అది సరికాదని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

1952లో మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగేనాటికి మన జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఆ ఎన్నికల్లో కడప నుంచి లోక్‌సభకు వెళ్లినవారు కమ్యూనిస్టు పార్టీకి చెందిన ఎద్దుల ఈశ్వరరెడ్డి గారు. జమ్మలమడుగు ప్రాంతంలోని పెద్దపసుపుల వారి ఊరు. 1957లో కాంగ్రెసు అభ్యర్థి వూటుకూరు రామిరెడ్డి గారు నెగ్గారు. తిరిగి 1962, 1967, 1971 ఎన్నికల్లో వరుసగా ఈశ్వరరెడ్డి గారే. 1964లో పార్టీ రెండుగా చీలినా ఆయన సి.పి.ఐ.లోనే ఉన్నారు. 1967లోనూ 1971లోనూ మన రాష్ట్రం నుంచి ఆ పార్టీ తరఫున లోక్‌సభకు ఎన్నికైనది ఆయన ఒక్కరే. రాష్ట్రమంతటా కాంగ్రెసు గాలి వీస్తున్న రోజుల్లో, కరువు సీమ అని పేరుపడిన మన జిల్లా కంకి కొడవలికి ఓటు వేసింది. ఎందుకు వేశారని అడిగితే మా పెద్దలు, "పార్టీని చూసి కాదప్పా, మనిషిని చూసి వేసినాము" అనేవారు.

నాటి ఓటు పద్ధతి కూడా నేటి పిల్లలకు వింతగా ఉంటుంది. మొదటి రెండు ఎన్నికల్లో ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె. పెట్టె మీద గుర్తు అంటించి ఉండేది. కాడెద్దుల పెట్టెలో వేస్తే కాంగ్రెసుకు, కంకి కొడవలి పెట్టెలో వేస్తే కమ్యూనిస్టుకు. చీటీ మీద ముద్ర వేసే పద్ధతి సార్వత్రిక ఎన్నికల్లో 1962లో వచ్చింది.

1977లో ఈ కథ మలుపు తిరిగింది. దేశమంతా జనతా గాలి వీచినా ఆంధ్రప్రదేశ్‌లో 42 స్థానాలకు 41 కాంగ్రెసుకే దక్కాయి. కడపలో కందుల ఓబుల్‌రెడ్డి గారు నెగ్గారు. 1980లోనూ ఆయనే. నేను పోలింగ్ ఆఫీసరుగా మొదటిసారి కూర్చున్నది ఆ 1977 ఎన్నికల్లోనే. ముందురోజే పెట్టెలు, చీటీల కట్టలు, సిరా సీసా, లక్క, హరికేన్ లాంతరు లారీలో వేసుకొని పోవడం, బడి గదిలో బెంచీల మీద పడుకోవడం, తెల్లవారుజామున ఏజెంట్ల ముందు ఖాళీ పెట్టె చూపించి సీలు వేయడం మీలో చాలామందికి జ్ఞాపకముంటుంది. సమస్యాత్మక గ్రామమని ఆర్డరులో వ్రాసి ఉంటే ఇంట్లోవారికి ఆ రాత్రి నిద్ర ఉండేది కాదు. చీటీల లెక్క తేలి, పెట్టె అప్పగించి, రసీదు చేతికి వచ్చేదాకా మనకు అన్నం సహించేది కాదు.

1984లో తెలుగుదేశం అభ్యర్థి డి.ఎన్. రెడ్డి గారు గెలిచారు. 1989లో డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు పార్లమెంటుకు పోటీ చేసి నెగ్గారు. పద్దెనిమిదేళ్ల వారికి ఓటు వచ్చిన తర్వాత జరిగిన మొదటి లోక్‌సభ ఎన్నికలు అవే. 1991, 1996, 1998లలో కూడా ఆయనదే విజయం. అయితే ఇక్కడొకటి గమనించాలి. 1991లో నాలుగు లక్షలు దాటిన మెజారిటీ 1996లో ఐదు వేల చిల్లరకు దిగింది. నాటి ప్రత్యర్థి కందుల రాజమోహన్‌రెడ్డి గారు. ఓటరు ఎవరి జేబులోనూ లేడని చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం వద్దు.

1999, 2004లలో వై.ఎస్. వివేకానందరెడ్డి గారు, 2009లో వై.ఎస్. జగన్‌మోహన్‌రెడ్డి గారు ఎన్నికయ్యారు. తండ్రి మరణానంతరం కాంగ్రెసును వీడిన జగన్ గారు 2011 ఉప ఎన్నికలో 5,45,672 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. 2014 నుంచి మూడుసార్లు వై.ఎస్. అవినాష్‌రెడ్డి గారు.

2024లో మరొక విశేషం జరిగింది. ఒకే ఇంటి నుంచి అవినాష్‌రెడ్డి గారు, కాంగ్రెసు తరఫున షర్మిల గారు ఎదురెదురుగా నిలబడ్డారు. ఈ స్థానం కిందికి వచ్చే ఏడు అసెంబ్లీ సీట్లలో పులివెందుల, బద్వేలు తప్ప మిగిలిన ఐదూ తెలుగుదేశం కూటమి గెలుచుకుంది. పార్లమెంటు సీటు మాత్రం వై.ఎస్.ఆర్. కాంగ్రెసుకే దక్కింది. మా బ్రహ్మంగారిమఠం ఉన్న మైదుకూరు నియోజకవర్గంలో కూడా అసెంబ్లీ ఓటు ఒక దారి పట్టింది. ఒకే రోజు, ఒకే గదిలో, రెండు యంత్రాల మీద జనం వేరువేరుగా ఆలోచించి నొక్కారన్నమాట.

లెక్క వేస్తే, 1952 నుంచి 1989 దాకా ముప్పై ఏడేళ్లు ఈ స్థానం ఆ ఇంటివారిది కాదు. అందులో దాదాపు ఇరవై ఏళ్లు ఎర్రజెండాది. 1989 తర్వాత వారిదే. ఈ రెండు మాటలూ నిజమే. ఒకటి చెప్పి రెండోది వదిలేస్తే చరిత్ర కుంటుపడుతుంది. కాలజ్ఞానం చెప్పిన బ్రహ్మంగారి నేల మీద ఉంటున్నా, రాబోయే ఎన్నికల ఫలితం చెప్పే సాహసం నేను చేయను.

ఎనభై ఐదేళ్లు దాటినవారికి 2024లో ఇంటివద్దనే ఓటు వేసే సౌకర్యం ఇచ్చారు. కాళ్లు ఆడుతున్నంతకాలం బూతుకే వెళదాం. ఇన్నేళ్లు ఇతరుల ఓట్లకు కాపలా కాసిన మనం మన ఓటును వృథా పోనీయకూడదు. డ్యూటీ అనుభవాలున్న సభ్యులు, ముఖ్యంగా 1970కి ముందు పనిచేసిన పెద్దలు, వాటిని వ్రాసి సంఘానికి పంపవలసిందిగా ప్రార్థన. వ్రాయలేనివారు మనుమలకు చెప్పి వ్రాయించినా చాలు. వాళ్లకూ తెలుస్తుంది.