పుచ్చిన పన్ను వంశానిదా, వంటింటిదా?

“వాళ్ల నాన్న పళ్లూ అంతే, తాత పళ్లూ అంతే.” పిల్లవాడి పాలపళ్లు పుచ్చిపోతుంటే పెద్దలు తరచూ అనే మాట ఇది. ఇందులో నిజమెంతో తేల్చడానికి శాస్త్రవేత్తలు దశాబ్దాల తరబడి శ్రమించారు. తేలింది కొంతే అయినా, అది ప్రతి తల్లికీ తండ్రికీ తెలియాల్సినదే.

పన్నును పురుగు తొలుస్తుందని బాబిలోనియా కాలం నుంచీ జనం నమ్మారు. 1728లో ఫ్రెంచి దంతవైద్యుడు పియర్ ఫోషార్ ఆ నమ్మకాన్ని తోసిపుచ్చాడు. 1890లో విల్లోబీ మిల్లర్ అనే దంతవైద్యుడు అసలు సంగతి చెప్పాడు: నోట్లోని సూక్ష్మజీవులు పిండినీ చక్కెరనూ పులియబెట్టి ఆమ్లం చేస్తాయి, ఆ ఆమ్లం పంటి ఎనామిల్‌ను కరిగిస్తుంది.

మరి ఒకే తిండి తినే ఇద్దరిలో ఒకరి పళ్లే ఎందుకు పుచ్చుతాయి? అమెరికాలోని మిషిగన్‌లో హంట్, హోపర్ట్ అనే పరిశోధకులు ఈ ప్రశ్నతో ఎలుకలను పెంచారు. మేతలో ముతకగా విసిరిన బియ్యం ఉండేది. త్వరగా పుచ్చుపట్టిన వాటిని వాటితోనే, పట్టనివాటిని వాటితోనే కలుపుతూ తరాలు నడిపారు. చివరికి రెండు వంశాలు ఏర్పడ్డాయి. ఒకదానికి కొన్ని వారాలకే పుచ్చు వచ్చేది, రెండోదాని పళ్లు నెలల తరబడి గట్టిగా నిలిచేవి. 1944లో ఈ ఫలితాలు వెలువడ్డాక పంటి పుచ్చు వంశపారంపర్యమన్న మాటకు బలం చిక్కింది.

ఆ బలాన్ని 1960లో పాల్ కీస్ అనే పరిశోధకుడు సడలించాడు. తల్లి హామ్‌స్టర్‌కు యాంటీబయాటిక్ ఇస్తే దాని పిల్లలకు తీపి మేత పెట్టినా పుచ్చు రాలేదు. వాటిని పుచ్చుపళ్ల హామ్‌స్టర్లతో ఒకే బోనులో ఉంచగానే వచ్చింది. అంటే వంశ లక్షణంగా కనిపించినది తల్లి నోటి నుంచి పిల్లలకు అంటుకున్న సూక్ష్మజీవుల పని. ఈ చరిత్ర మొత్తంలో అమ్మానాన్నలు గుర్తుంచుకోవాల్సిన ప్రయోగం ఇదే. ఇళ్లలోనూ ఎంగిలి చెంచాతో ఆ క్రిములు బిడ్డకు చేరగలవు.

తర్వాత పరిశోధకుల చూపు కవలల మీదికి మళ్లింది. బ్రెజిల్ కవల పిల్లలపై 2005లో వచ్చిన అధ్యయనం జన్యువులకు గణనీయమైన వాటా ఇచ్చింది. 2019లో మెల్‌బోర్న్ బృందం ఆరేళ్ల కవలలను చూస్తే, అచ్చుగుద్దిన కవలలకూ మామూలు కవలలకూ పుచ్చు విషయంలో పెద్ద తేడా కనిపించలేదు. ఊరూ తిండీ నీరూ మారితే జన్యువుల వాటా కూడా మారవచ్చు. ఎనామిల్ సరిగా ఏర్పడని వంశపారంపర్య జబ్బులు ఉన్నాయి గానీ, అవి అరుదు.

చిగుళ్ల కథ వేరు. శ్రీలంక తేయాకు తోటల్లో పళ్లు తోముకునే అలవాటే లేని 480 మంది కార్మికులను హెరాల్డ్ లో అనే పరిశోధకుడి బృందం 1970 నుంచి గమనించింది. మొదట్లో వారి వయసు 14 నుంచి 31 ఏళ్లు. 15 ఏళ్ల తర్వాత చూస్తే సుమారు 8 శాతం మందిలో చిగుళ్ల జబ్బు వేగంగా ముదిరింది, 11 శాతం మందిలో చిగుళ్ల వాపును దాటి ముందుకు పోలేదు. పాచి అందరికీ ఉంది, తట్టుకునే శక్తే ఒక్కొక్కరిదీ ఒక్కోలా ఉంది.

ఆ శక్తి జన్యువులోనే లోపిస్తే పసితనంలోనే పళ్లు రాలిపోతాయి. 1924లో ఫ్రాన్స్‌లో పాపియాన్, లెఫెవ్ర్ అనే వైద్యులు వర్ణించిన జబ్బు అలాంటిదే. అరచేతులు, అరికాళ్లు దళసరెక్కుతాయి, నాలుగైదేళ్లకే పాలపళ్లు ఊడతాయి, తర్వాత వచ్చిన పళ్లూ కౌమారంలోనే పోతాయి. దీనికి మూలం కెథెప్సిన్ సి అనే జన్యువులోని లోపమని 1999లో తేలింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు ప్రతి వస్తేనే బిడ్డకు జబ్బు వస్తుంది, దగ్గరి బంధువులు పెళ్లాడితే ఆ అవకాశం పెరుగుతుంది కాబట్టి, మేనరికాలు, మేనమామ పెళ్లిళ్లు ఇంకా జరుగుతున్న తెలుగు కుటుంబాలు దీన్ని తెలుసుకోవాలి.

అయిదేళ్లలోపు బిడ్డకు దెబ్బ తగలకుండానే పళ్లు కదులుతుంటే వంశమని సరిపెట్టుకోకుండా వెంటనే దంతవైద్యుడికి చూపించండి. పుచ్చు విషయంలో మాత్రం వంశాన్ని నిందించే ముందు, రాత్రిపూట పాలసీసాలో కలిపే చక్కెరను మానేయండి.