పంటి నుంచి గోటికి వచ్చిన ప్లాస్టిక్

జెల్ గోళ్లు వేయించుకున్నాక వేళ్ల కొసలు దురదపెట్టి, పొక్కులు లేచి, పగిలితే దాన్ని కొత్త ఫ్యాషన్ తెచ్చిన కొత్త జబ్బు అనుకుంటాం. కానీ ఈ జబ్బు పుట్టింది దంతవైద్యంలో. 1930ల చివర్లో కట్టుడుపళ్లకు అక్రిలిక్ వాడకం మొదలైంది. మిథైల్ మెథాక్రిలేట్ అనే ద్రవంలో పొడి కలిపి ముద్ద చేస్తే అది గట్టిపడి ప్లాస్టిక్ అవుతుంది. పూర్తిగా గట్టిపడ్డాక దానితో పేచీ అరుదు. గట్టిపడకముందున్న చిన్న అణువులే, అంటే మోనోమర్లే, చర్మంలోకి దూరి అక్కడి ప్రొటీన్లకు అతుక్కుంటాయి. రోగనిరోధక వ్యవస్థ వాటిని ఒకసారి శత్రువుగా గుర్తుపెట్టుకుంటే సాధారణంగా ఇక జన్మలో మరిచిపోదు. న్యూయార్క్ చర్మవైద్యుడు అలెగ్జాండర్ ఫిషర్ కట్టుడుపళ్ల అక్రిలిక్ ఎలర్జీ గురించి 1954లోనే రాశాడు. అదే రకం పొడి, అదే రకం ద్రవం ఆ దశాబ్దంలోనే అమెరికాలో గోళ్ల మీదికి ఎక్కాయి. 1956లో ఓర్లాండో కానిజారెస్, 1957లో మళ్లీ ఫిషర్, ఆయన సహచరులు అక్రిలిక్ గోళ్ల ఎలర్జీని వైద్య పత్రికల్లో నమోదు చేశారు. హెచ్చరిక ఆలస్యంగా వచ్చిందనడానికి ఎవరికీ వీల్లేదు.

ఆలస్యమైంది దాన్ని అర్థం చేసుకోవడంలో. ఫిర్యాదులు రావడంతో అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1970ల్లో అచ్చంగా మిథైల్ మెథాక్రిలేట్‌తోనే తయారైన సరుకును కోర్టుల ద్వారా బజారు నుంచి తీయించింది. ఆ చోటుకి ఇథైల్ మెథాక్రిలేట్ వచ్చింది. తర్వాత దీపం కింద గట్టిపడే జెల్‌లు, వాటితో పాటు హేమా అని పిలిచే హైడ్రాక్సీఇథైల్ మెథాక్రిలేట్ వచ్చాయి. అణువు మారింది గాని కుటుంబం మారలేదు. ఒకదానికి ఎదురుతిరిగిన ఒళ్లు చాలాసార్లు దాని చుట్టాలకూ ఎదురుతిరుగుతుంది. అమెరికా కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2012లో ఈ కుటుంబపు రసాయనాలైన అక్రిలేట్లను ఆ ఏటి ఎలర్జీ కారకంగా ప్రకటించింది. 2019కల్లా యూరప్ చర్మవైద్యులు వీపుకు పట్టీలు అంటించి చేసే సాధారణ ఎలర్జీ పరీక్షలో హేమాను చేర్చుకోవలసి వచ్చింది.

లక్షలమందికి ఏమీ కావడం లేదు కదా అంటే, నిజమే, ఎక్కువమందికి ఏమీ కాదు. అయితే ఎవరికి అవుతుందో ముందుగా చెప్పగల పరీక్ష లేదు. పట్టీ పరీక్ష తేల్చేది ఎలర్జీ వచ్చాకే. తప్పంతా ఇంట్లో కిట్లు కొని వేసుకునేవారిదే, నిపుణుల చేతికి అప్పగిస్తే సరిపోతుందనే వాదన ఇంకా బలమైనది. 2021లో యూరోపియన్ యూనియన్ అమలుచేసిన నిబంధన దీన్నే నమ్మింది: హేమా ఉన్న గోటి సరుకు వృత్తిదారుల వాడకానికే పరిమితం. ఇందులో సగం న్యాయం ఉంది. సరిపడని దీపం కింద అరకొరగా గట్టిపడిన జెల్, గోరు దాటి చర్మానికి అంటిన జెల్ ప్రమాదకరమే. కానీ రోజంతా ఆ ద్రవాన్ని ముట్టుకునేది ఆ వృత్తిదారులే. పల్చని గ్లౌజుల్లోంచి ఈ అణువులు నిమిషాల్లో దూరిపోతాయి. కొనేవారిని కాపాడే నిబంధన పనిచేసే చేతులను అలాగే వదిలేసింది, అదీ ఈ పని తప్ప మరో బతుకుతెరువు లేనివాళ్ల చేతులను. ఎలర్జీ ముదిరితే వాళ్లు వృత్తే మానుకోవాలి.

గోళ్లు తీయించేస్తే పోతుందిలే అనడమూ పొరపాటు. పంటి పూతల్లో, కీలు మార్పిడి సిమెంటులో, చక్కెర కొలిచే సెన్సర్లను ఒంటికి పట్టి ఉంచే జిగురుల్లో కూడా ఈ కుటుంబపు రసాయనాలుంటాయి. గోళ్ల వల్ల ఎలర్జీ తెచ్చుకున్న మనిషి పన్ను బాగుచేయించుకోవడానికి కుర్చీలో కూర్చునేముందు ఆ మాట దంతవైద్యుడికి చెప్పాలి.