ఉత్పత్తి జీవితచక్ర నిర్వహణ (పీఎల్‌ఎం), విమాన రంగం

విమాన భాగం తొలి డ్రాయింగ్ నుంచి చివరి మరమ్మతు దాకా సమాచారమంతటినీ ఒకేచోట ఉంచే సాఫ్ట్‌వేర్ పద్ధతి. తెలుగునాట దీనితో ముడిపడిన ఇంజినీరింగ్ సేవలకు ఆద్యుల్లో ఒకటి 1991లో హైదరాబాద్‌లో పుట్టిన ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్. 2014లో సయెంట్‌గా పేరు మారిన ఈ సంస్థకు కాకినాడలోనూ కార్యాలయం ఉంది. ఈ పద్ధతి అవసరమయ్యే తయారీ కూడా ఇక్కడ ఉంది: హైదరాబాద్ దగ్గరి ఆదిభట్లలో టాటా బోయింగ్ సంస్థ అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజ్‌లాజ్‌లు (ప్రధాన దేహాలు) తయారుచేస్తోంది.

అసలు కష్టం మార్పుల దగ్గరే. రివెట్ రంధ్రం అర మిల్లీమీటరు జరిగితే డ్రాయింగ్ కొత్త రివిజన్ కావాలి; షాప్‌ఫ్లోర్‌లో పాత కాగితం ఒక్కటి మిగిలినా భాగం తుక్కే. ఎయిర్‌బస్ ఏ380కి జర్మన్, ఫ్రెంచి బృందాలు కాటియా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వేర్వేరు వెర్షన్లు వాడాయి. దాంతో డిజైన్లు పొసగక, వైర్ల పొడవు చాలక 2006లో డెలివరీలు వాయిదాపడ్డాయి. కాబట్టి సాఫ్ట్‌వేర్ కొనడం కన్నా భాగాల నంబర్లు, ఆమోద క్రమం ముందే ఖరారు చేసుకోవడం ముఖ్యం.