గంజి తొట్టి నుంచి మా బడి వీధి దాకా

ఈసారి ఎండాకాలం సెలవులకు మా సోషల్ టీచరమ్మ ఒక పని అప్పజెప్పారు. మన చెన్నై చరిత్రలోంచి ఒక విషయం తీసుకుని, అది ఈరోజు ఎలా ఉందో కళ్ళారా చూసి రాయాలి. అందరూ కోటలూ గుళ్ళూ తీసుకున్నారు. నేను మాత్రం ఇల్లు లేని ఆడవాళ్ళకు వైద్యం ఎలా అందుతోందో రాస్తానన్నాను. దానికి కారణం మా బడి వీధిలో ఉండే ఒక అవ్వ.

ఆ అవ్వ మూసేసిన కొట్టు మెట్ల మీద ఉంటుంది. మాలాగే తెలుగు మాట్లాడుతుంది. కాలికి పుండు, దాని మీద పాత గుడ్డ. నేను నోటుబుక్కులో పది ప్రశ్నలు రాసుకుని అమ్మతో కలిసి వెళ్ళాను. మొదటి ప్రశ్న, "అవ్వా, ఆస్పత్రికి ఎందుకు పోలేదు?" డబ్బు లేదంటుందనుకున్నాను. అవ్వ నా వైపు చూసి, "పోతే ఈ మూట ఎవరు చూస్తారు పాపా?" అంది. మిగతా తొమ్మిది ప్రశ్నలూ అడగలేకపోయాను.

ఇంటికొచ్చి మా నాయనమ్మకు చెప్పాను. ఆమె "గంజి తొట్టికి తీసుకుపోవాల్సింది" అంది. స్టాన్లీ ఆస్పత్రిని మా ఉత్తర చెన్నైలో పెద్దవాళ్ళు ఇప్పటికీ అలాగే అంటారు. ఆ పేరు ఎందుకొచ్చిందో వెతికితే నా ప్రాజెక్టుకు దారి దొరికింది.

1782లో హైదర్ అలీతో యుద్ధం జరుగుతున్నప్పుడు మద్రాసులో కరువొచ్చింది. పల్లెల నుంచి వచ్చిన దిక్కులేనివాళ్ళకు గంజి పోయడానికి ఒక సత్రం పెట్టారు. దాని పేరు మణెగార్ సత్రం. మణియక్కారర్ అంటే ఊరి పెద్ద, ఆ మాటే అలా మారింది. గంజికి వచ్చినవాళ్ళలో చాలామంది జబ్బుపడ్డవాళ్ళు. అందుకని 1799లో జాన్ అండర్‌వుడ్ అనే డాక్టరు అక్కడ వైద్యం మొదలుపెట్టారు. అదే పెరిగి పెరిగి స్టాన్లీ ఆస్పత్రి అయింది. 1938లో వైద్య కళాశాల కూడా వచ్చింది. అంటే ఈ ఆస్పత్రి ముందు కూడూ నీడా ఇచ్చింది, తర్వాత మందు ఇచ్చింది. ఆ వరస నాకు బాగా నచ్చింది.

ఆడవాళ్ళ వైద్యం కథ వేరే దారిలో నడిచింది. ఎగ్మూరు ప్రసూతి ఆస్పత్రి 1844లో మొదలైంది. కానీ మగ డాక్టర్ల దగ్గరికి రాలేక ఎందరో స్త్రీలు కాన్పుల్లో చనిపోయేవాళ్ళు. అది చూసి మేరీ షార్లీబ్ తానే డాక్టరు కావాలనుకున్నారు. 1875లో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరిన మొదటి నలుగురు స్త్రీలలో ఆమె ఒకరు. 1885లో ఘోషా స్త్రీల కోసం ఆస్పత్రి తెరవడానికి ఆమే కారణం. ట్రిప్లికేన్‌లోని కస్తూర్బా గాంధీ ఆస్పత్రి అదే. అది ఇల్లు దాటి రాలేని ఆడవాళ్ళ కోసం పుట్టింది. మరి దాటడానికి ఇల్లే లేని ఆడవాళ్ళ సంగతేమిటి?

ఆ ప్రశ్నకు డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి కథలో కొంత జవాబు దొరికింది. ఆమె 1912లో డాక్టరయ్యారు. దేవదాసీ పద్ధతి వదిలి వచ్చిన అమ్మాయిలను హాస్టళ్ళు చేర్చుకోకపోతే ఆమె తన ఇంట్లోనే పెట్టుకున్నారు. 1930ల మొదట్లో అవ్వై హోమ్ అలా పుట్టింది. 1993లో వందనా గోపీకుమార్, వైష్ణవీ జయకుమార్ అనే ఇద్దరు యువతులు మతి చెదిరి వీధిలో తిరుగుతున్న స్త్రీల కోసం ఇదే ఊళ్ళో 'బాన్యన్' మొదలుపెట్టారు. వాళ్ళు కూడా ముందు ఉండడానికి చోటు ఇచ్చారు.

ఈరోజు చట్టాలు లేకపోలేదు. లక్ష జనాభా ఉన్న పట్టణంలో ఒక్క ఆశ్రయమైనా ఉండాలి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఇల్లు లేనివాళ్ళకు కార్డు లేకపోయినా మానసిక వైద్యం ఉచితంగా చెయ్యాలి. అయినా 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఇల్లు లేనివాళ్ళు సుమారు 17.7 లక్షలమంది. ముత్తులక్ష్మీ రెడ్డి పేరు మీద మన రాష్ట్రంలో గర్భిణులకు 18,000 రూపాయల సాయం ఉంది. దానికి పేరు నమోదు కావాలి, ఆధార్ కావాలి, బ్యాంకు ఖాతా కావాలి. ఇల్లు లేని అమ్మాయిలకు తలుపు తీసిన ఆమె పేరు పెట్టుకున్న సాయం, కాగితాలు దాచుకోవడానికి పెట్టె కూడా లేని తల్లికి ఎలా చేరుతుంది?

వారం తర్వాత మళ్ళీ వెళ్ళాం. మూట మా ఇంట్లో పెడతామంటే అవ్వ ఒప్పుకోలేదు. చివరికి అమ్మ ఆ మెట్ల మీదే మూట పక్కన కూర్చుంది. నేనూ నాయనమ్మా అవ్వను ఆస్పత్రికి తీసుకెళ్ళాం. మందుకు పైసా తీసుకోలేదు. నర్సమ్మ కట్టు కట్టి, "తడవకుండా చూసుకోండి, రెండు రోజులకోసారి రండి" అన్నారు. బయటికొచ్చాక అవ్వ, "వానొస్తే నేనెక్కడికి పోయేది?" అంది. నా దగ్గర జవాబు లేదు.

మందు ఉచితమైతే వైద్యం అందినట్టే అనుకునేదాన్ని. కానీ మూట పెట్టడానికి చోటు, స్నానానికి నీళ్ళు, పక్కన ఒక తోడు ఉంటేనే ఆ మందు పనిచేస్తుంది. ఆ సంగతి 1782లో గంజి పోసినవాళ్ళకు తెలుసు.

నా ప్రాజెక్టు ఇప్పుడే మొదలైంది. పాత ప్రశ్నలు కొట్టేశాను. కొత్త పేజీలో మొదటి ప్రశ్న, "మీ మూట ఎవరు చూస్తారు?" దాని కింద ఒక పట్టిక గీశాను. రెండు రోజులకోసారి ఆ మెట్ల మీద ఎవరు కూర్చోవాలో అందులో రాస్తున్నాను. అమ్మ పేరు, నాయనమ్మ పేరు, ఇద్దరు స్నేహితురాళ్ళ పేర్లు ఉన్నాయి. ఇంకా ఖాళీలున్నాయి. చదివినవాళ్ళు ఎవరైనా వస్తానంటే మీ పేరు కూడా రాసుకుంటాను.