ప్రభుత్వ భూ అభివృద్ధి సంస్థలు: పాలనా వ్యవస్థ, నష్టభయ నిర్వహణ

పరిశ్రమలకు, నివాస సముదాయాలకు కావలసిన భూమిని సేకరించి, రహదారులు, నీరు, విద్యుత్తు వంటి వసతులు కల్పించి, ప్లాట్లుగా విభజించి కేటాయించే ప్రభుత్వ యాజమాన్య సంస్థలను భూ అభివృద్ధి సంస్థలంటారు. సరిహద్దు జిల్లాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇవి కొత్తవి కావు. బళ్ళారి, కోలారు ప్రాంతాలలో కేఐఏడీబీ, హోసూరు, గుమ్మిడిపూండి ప్రాంతాలలో సిప్‌కాట్, ఒడిశాలో ఇడ్కో, మహారాష్ట్రలో ఎంఐడీసీ, యానాం చేరిన పుదుచ్చేరిలో పిప్‌డిక్ ఈ కోవకు చెందినవి. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఐఐసీ ఇదే పని చేస్తున్నది.

ఈ సంస్థల పాలన ఎట్లు సాగుతుంది, నష్టం వచ్చినప్పుడు దానిని ఎవరు భరిస్తారు అన్న ప్రశ్నలు అధికారులకు, పెట్టుబడిదారులకు మాత్రమే సంబంధించినవిగా కనిపిస్తాయి. అయితే సంస్థ పాలకమండలిలో జరిగే నిర్ణయం చివరకు ఒక గ్రామంలోని మూడెకరాల రైతు ఇంటికి నోటీసు రూపంలో చేరుతుంది. ఆ నోటీసు వెనుక ఉన్న వ్యవస్థను తెలుసుకోవడం భూమి గల ప్రతి కుటుంబానికీ అవసరం.

రెండు విధాల సంస్థలు

చట్టరీత్యా ఈ సంస్థలు రెండు విధాలు. శాసనసభ చేసిన ప్రత్యేక చట్టం ద్వారా ఏర్పడినవి మొదటి రకం. 1961 నాటి మహారాష్ట్ర పారిశ్రామికాభివృద్ధి చట్టం కింద ఎంఐడీసీ 1962లో ఏర్పడినది. 1966 నాటి కర్ణాటక పారిశ్రామిక ప్రాంతాల అభివృద్ధి చట్టం కేఐఏడీబీకి, 1980 నాటి ఒరిస్సా చట్టం ఇడ్కోకు ఆధారం.

కంపెనీల చట్టం కింద నమోదైన ప్రభుత్వ కంపెనీలు రెండవ రకం. చెల్లించిన వాటా మూలధనంలో 51 శాతానికి తక్కువ కాకుండా ప్రభుత్వం చేతిలో ఉన్న కంపెనీని ప్రభుత్వ కంపెనీ అంటారు. 1971లో ఏర్పడిన సిప్‌కాట్, 1973లో ఏర్పడిన ఏపీఐఐసీ ఈ రకానికి చెందినవి.

ఈ భేదం వలన బాధ్యతలు మారుతాయి. 2013 నాటి కంపెనీల చట్టం 134వ సెక్షన్ ప్రకారం కంపెనీ డైరెక్టర్ల బోర్డు తన వార్షిక నివేదికలో నష్టభయ నిర్వహణ విధానాన్ని గురించి ప్రకటన చేయవలసి ఉంటుంది. సంస్థ మనుగడకే ముప్పు తేగల అంశాలను అందులో గుర్తించాలి. ప్రత్యేక చట్టం కింద ఏర్పడిన బోర్డులకు ఈ సెక్షన్ వర్తించదు. వాటికి మాతృచట్టమే ప్రమాణం. ఆ చట్టాలలో అధిక భాగం 1960 నుంచి 1980 మధ్య వ్రాసినవి కనుక, భూసేకరణ అధికారాలు వివరంగానూ, ఈనాడు కార్పొరేట్ పాలనగా వ్యవహరించే నియమాలు సంక్షిప్తంగానూ ఉండడం సహజం.

పాలనలోని అంగములు

సంస్థకు యజమాని రాష్ట్ర ప్రభుత్వం. సాధారణంగా పరిశ్రమలు, ఆర్థిక, రెవిన్యూ వంటి శాఖల అధికారులు హోదా రీత్యా పాలకమండలి సభ్యులవుతారు. రోజువారీ కార్యనిర్వహణ మేనేజింగ్ డైరెక్టర్ లేదా ముఖ్య కార్యనిర్వహణాధికారి చేతిలో ఉంటుంది. ఈ పదవిలోని వారు బదిలీలకు లోబడిన అధికారులు. ఒక పారిశ్రామిక ప్రాంతం రూపుదిద్దుకొనడానికి పది, పదిహేనేళ్ళు పడుతుంది. అంతకాలంలో అనేకమంది అధికారులు మారుతారు. అందుచేత మొదటి నిర్ణయానికి కారణాలేమిటో చెప్పగలిగేది దస్త్రం ఒక్కటే. పాలకమండలి తీర్మానాలు, వాటికి ఆధారమైన నివేదికలు సక్రమంగా భద్రపరచడం ఈ సంస్థలలో మంచి పాలనకు తొలి లక్షణం.

లెక్కల పరిశీలనలో భారత కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, అనగా కాగ్, ప్రధాన పాత్ర వహిస్తుంది. ప్రభుత్వ కంపెనీకి ఆడిటర్‌ను కాగ్ నియమిస్తుంది. ఆడిట్ నివేదికపై అదనపు పరిశీలన జరిపి వ్యాఖ్యలు చేసే అధికారం కూడా దానికున్నది. ఆ వ్యాఖ్యలతో కూడిన వార్షిక నివేదికను శాసనసభ ముందుంచాలి. శాసనసభలోని ప్రభుత్వరంగ సంస్థల సంఘం కాగ్ నివేదికలను పరిశీలించి అధికారులను ప్రశ్నించవచ్చును.

ఈ ఏర్పాటులో ఒక స్వాభావికమైన చిక్కు ఉన్నది. భూమిని సేకరించేది ప్రభుత్వమే. దానిని అభివృద్ధి చేసే సంస్థకు యజమాని ప్రభుత్వమే. ఏ పరిశ్రమకు రాయితీ ఇవ్వాలో నిర్ణయించేది, ఫిర్యాదు వినేది కూడా ప్రభుత్వమే. ఒకే హస్తంలో ఇన్ని పాత్రలు చేరినప్పుడు బయటివారి పరిశీలన లేకపోతే పొరపాటు దిద్దుబాటు కాదు. స్వతంత్ర డైరెక్టర్లు, ఆడిట్ కమిటీ, కాగ్, న్యాయస్థానాలు, సమాచార హక్కు చట్టం ఆ బయటి పరిశీలనకు సాధనాలు.

నష్టభయముల వర్గీకరణ

ఒక భూ అభివృద్ధి సంస్థకు ఎదురయ్యే నష్టభయాలను ఈ విధంగా విభజింపవచ్చును.

గిరాకీ భయం: సేకరించిన భూమిని తీసుకొనేందుకు పరిశ్రమలు రాకపోవడం, లేదా తీసుకొని కట్టడం ప్రారంభించకపోవడం.

ధర భయం: న్యాయస్థానాలు పరిహారం పెంచినప్పుడు సంస్థ అదనపు భారం మోయవలసి రావడం. అందుచేతనే కొన్ని సంస్థలు మొదట తాత్కాలిక ధరకు ప్లాటు కేటాయించి, తుది ధరను తరువాత నిర్ణయిస్తాయి.

న్యాయ భయం: సేకరణ ప్రక్రియలో లోపం వలన మొత్తం చర్య రద్దు కావడం.

ఒప్పంద భయం: ప్రైవేటు భాగస్వామితో చేసుకున్న ఒప్పందంలో ప్రభుత్వ వాటా తగ్గిపోవడం.

అక్రమాల భయం: దొంగ పత్రాలతో పరిహారం పొందడం, ఒకే భూమికి రెండుసార్లు చెల్లింపు జరగడం, అనర్హులకు ప్లాట్లు కేటాయించడం.

సామాజిక భయం: గ్రామాల ప్రతిఘటన, ఘర్షణ, ప్రాణనష్టం.

ఉదాహరణలు

గిరాకీ భయానికి బళ్ళారి జిల్లా సమీప దృష్టాంతం. 2010 ప్రాంతంలో కుడితిని పరిసరాలలో ఉక్కు కర్మాగారాల కోసం కేఐఏడీబీ ద్వారా 12 వేల ఎకరాలకు పైగా భూమి సేకరించారు. ఆర్సెలర్ మిట్టల్, ఉత్తమ్ గాల్వా, ప్రభుత్వరంగ సంస్థ ఎన్ఎండీసీల కోసం ఈ సేకరణ జరిగినది. ఆర్సెలర్ మిట్టల్ ఒక్కటే ఏటా 60 లక్షల టన్నుల సామర్థ్యంతో, రూ. 30 వేల కోట్ల పెట్టుబడితో కర్మాగారం నిర్మించనున్నట్లు అప్పట్లో ప్రకటించినది. దశాబ్దం గడచినా ఉక్కు కర్మాగారాలు రాలేదు. పరిహారం పెంపు, వాగ్దానం చేసిన ఉద్యోగాలు, భూమి వాపసు కోరుతూ 2022 డిసెంబరులో కుడితిని వద్ద రైతులు నిరవధిక ధర్నా ప్రారంభించారు. సంస్థ లెక్కలలో భూమి కేటాయింపు పూర్తయినట్లే. సేద్యం పోయి, కర్మాగారం రాని నష్టం మాత్రం సంస్థ పుస్తకాలలో ఎక్కడా కనిపించదు. అది కుటుంబాల మీదనే పడినది.

న్యాయ భయానికి, ఒప్పంద భయానికి కలిపి పశ్చిమ బెంగాల్‌లోని సింగూరు ఉదాహరణ. 2006లో టాటా మోటార్స్ కార్ల కర్మాగారానికి సుమారు 1,000 ఎకరాలు సేకరించి ఆ రాష్ట్ర పారిశ్రామికాభివృద్ధి సంస్థ ద్వారా లీజుకిచ్చారు. ఆందోళనల నడుమ 2008లో టాటా సంస్థ అక్కడినుంచి వైదొలగినది. 2016 ఆగస్టు 31న సుప్రీంకోర్టు సేకరణను కొట్టివేసి భూమిని రైతులకు తిరిగి ఇవ్వవలసిందిగా ఆదేశించినది. అంతటితో కథ ముగియలేదు. 2023 అక్టోబరులో మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ ఆ ప్రభుత్వ సంస్థ టాటా మోటార్స్‌కు రూ. 765.78 కోట్లు, దానిపై 11 శాతం వడ్డీతో చెల్లించాలని తీర్పు చెప్పినది. సేకరణ దశలో జరిగిన తొందరపాటు పదిహేడేళ్ళ తరువాత ప్రజాధనంపై ఎంత భారం మోపగలదో దీనివలన తెలుస్తున్నది.

ఉమ్మడి సంస్థల చిక్కుకు హైదరాబాదు మణికొండ వద్ద ఏపీఐఐసీ, దుబాయికి చెందిన ఎమ్మార్ ప్రాపర్టీస్ కలసి 2000 దశకం తొలి సంవత్సరాలలో చేపట్టిన ప్రాజెక్టును పేర్కొనవచ్చును. టౌన్‌షిప్ భాగంలో ఏపీఐఐసీ వాటా 26 శాతం. అభివృద్ధి హక్కులు మరొక సంస్థకు బదిలీ కావడంతో ప్రభుత్వ రాబడి తగ్గినదన్న ఆరోపణలపై సీబీఐ 2011లో కేసు నమోదు చేసినది. ఆరోపణల సంగతి న్యాయస్థానాలు తేల్చవలసినదే. భాగస్వామి తన హక్కులను మరొకరికి ఇచ్చే ముందు పాలకమండలి వ్రాతపూర్వక సమ్మతి తప్పనిసరి చేయడం ఎంత అవసరమో ఈ వివాదం తెలియజేస్తున్నది.

సామాజిక భయం విషయంలో ఒడిశాలోని కళింగనగర్ చేదు జ్ఞాపకం. ఉక్కు కర్మాగారం కోసం ఇడ్కో ద్వారా ఇచ్చిన భూమిలో ప్రహరీ నిర్మాణాన్ని ఆదివాసులు అడ్డుకొనగా, 2006 జనవరి 2న జరిగిన పోలీసు కాల్పులలో, ఘర్షణలో పదిమందికి పైగా ఆదివాసులు, ఒక పోలీసు మరణించారు. తమకు ముట్టిన పరిహారానికీ, కంపెనీకి భూమి ఇచ్చిన ధరకూ నడుమ గల వ్యత్యాసం గ్రామస్థుల ఆగ్రహానికి ఒక కారణం.

ప్రతిఘటన ఫలించిన సందర్భమూ ఉన్నది. బెంగళూరు సమీపాన దేవనహళ్ళి తాలూకాలో ఏరోస్పేస్ పార్కు కోసం 13 గ్రామాలలో 1,777 ఎకరాలు సేకరించాలని కేఐఏడీబీ తలపెట్టినది. మూడేళ్ళకు పైగా సాగిన రైతుల ధర్నా అనంతరం 2025 జూలై 15న కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ఆ సేకరణను విరమించుకొంటున్నట్లు ప్రకటించారు. ఇష్టపూర్వకంగా ఇచ్చేవారి భూమి మాత్రం తీసుకొంటామన్నారు.

చట్టాల నడుమ భేదం

2014 జనవరి 1న అమలులోకి వచ్చిన కేంద్ర భూసేకరణ చట్టం గ్రామీణ ప్రాంతాలలో మార్కెట్ విలువను ఒకటి నుంచి రెండు రెట్ల వరకు హెచ్చించి, ఆ మొత్తంపై నూరు శాతం సొలేషియం చేర్చి పరిహారం లెక్కించాలని నిర్దేశించినది. సామాజిక ప్రభావ అంచనా కూడా అందులో భాగం. స్వాధీనం చేసుకొన్న నాటినుంచి ఐదేళ్ళపాటు వాడని భూమిని మొదటి యజమానికి గాని, ప్రభుత్వ భూ నిధికి గాని చేర్చాలని 101వ సెక్షన్ చెబుతున్నది.

రాష్ట్ర చట్టాల కింద జరిగే సేకరణకు ఈ రక్షణలన్నీ యథాతథంగా వర్తిస్తాయని భావించరాదు. కేంద్ర చట్టంలోని 24వ సెక్షన్ కేఐఏడీబీ సేకరణలకు వర్తించదని సుప్రీంకోర్టు 2017లో తీర్పునిచ్చినది. తమిళనాడు 1997 నాటి తన పారిశ్రామిక భూసేకరణ చట్టాన్ని 2019లో పునరుద్ధరించగా, 2021 జూన్‌లో సుప్రీంకోర్టు దానిని సమర్థించినది. కనుక నోటీసు ఏ చట్టం కింద వచ్చినదన్నది మొట్టమొదట చూడవలసిన అంశం.

కర్ణాటక చట్టంలో 28వ సెక్షన్ కీలకం. 28(1) కింద ప్రాథమిక ప్రకటన, 28(2) కింద యజమానికి నోటీసు, 28(3) కింద ఆక్షేపణల విచారణ, 28(4) కింద తుది ప్రకటన జరుగుతాయి. తుది ప్రకటన గెజిట్‌లో వెలువడిన తరువాత భూమి ప్రభుత్వానికి దఖలు పడుతుంది. ఆక్షేపణకు విలువ ఉన్న దశ 28(4)కు ముందున్నదే. పరిహారాన్ని ఒప్పందం ద్వారా నిర్ణయించుకొనే వీలును 29వ సెక్షన్ కల్పించినది. ఒప్పందంపై సంతకం చేసిన తరువాత పెంపు కోరే అవకాశం సాధారణంగా ముగిసిపోతుంది. కేంద్ర చట్టం కింద జరిగిన సేకరణలోనైతే అవార్డు సమయాన హాజరైనవారు 6 వారాలలోగా పెంపు కోసం దరఖాస్తు చేసుకోవాలి.

సరిహద్దు కుటుంబాలు గమనింపవలసినవి

భూమి రికార్డు: కర్ణాటకలో పహాణి, తమిళనాడులో పట్టా, చిట్టా, మహారాష్ట్రలో సాత్‌బారా, ఒడిశాలో పట్టా నేటికీ తాతల పేర ఉన్న కుటుంబాలు అనేకం. నోటీసు రికార్డులోని పేరుకే వస్తుంది. వారసులు పొరుగు రాష్ట్రంలో ఉంటే గడువు తెలియకుండానే దాటిపోతుంది. మ్యుటేషన్, వారసత్వ పత్రం ముందుగానే సరిచేసుకోవడం మేలు.

భాష: నోటీసు కన్నడం, తమిళం, మరాఠీ, ఒడియా భాషలలో ఉంటుంది. దాని అర్థం పూర్తిగా తెలియనిదే సంతకం చేయరాదు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం ఫిర్యాదు నివేదనను కేంద్రంలో గాని, రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా సమర్పించవచ్చును. జిల్లాలో గాని, తాలూకాలో గాని 15 శాతానికి తగ్గకుండా ఒక అల్పసంఖ్యాక భాష మాట్లాడేవారున్నచోట ముఖ్య ప్రకటనలను ఆ భాషలో వెలువరించాలన్నది భాషా అల్పసంఖ్యాకుల రక్షణలలో ఒకటి. ఇది అమలు కానప్పుడు భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్‌కు వ్రాయవచ్చును.

సమాచారం: 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద రూ. 10 రుసుముతో దరఖాస్తు చేస్తే 30 రోజులలో సమాధానం రావాలి. అడుగవలసిన ప్రశ్నలు స్పష్టంగా ఉండాలి. ప్రాజెక్టుకు ఇంత భూమి అవసరమని నిర్ణయించిన పాలకమండలి తీర్మానం ఏది? అదే తాలూకాలో సంస్థ చేతిలో ఖాళీగా ఉన్న భూమి ఎంత? కేటాయింపు పొందిన కంపెనీ ఎన్నేళ్ళలో నిర్మాణం చేయాలి, చేయకపోతే భూమి వెనుకకు తీసుకొనే నిబంధన ఉన్నదా? రైతుకు ఇచ్చే ధర ఎంత, కంపెనీకి ఇచ్చే ధర ఎంత?

ఈ ప్రశ్నలకు సమాధానాలు దస్త్రంలో సిద్ధంగా ఉన్న సంస్థలో పాలన సక్రమంగా ఉన్నట్లు. సమాధానం లేనిచోట గ్రామం ఆక్షేపణ దాఖలు చేయడానికి అదే బలమైన ఆధారం. తుది ప్రకటనకు ముందు, వ్రాతపూర్వకంగా, రసీదుతో దాఖలైన ఆక్షేపణ దస్త్రంలో నిలిచి, తరువాతి కాలంలో ఆడిటర్‌కు గాని, న్యాయస్థానానికి గాని ఆ కుటుంబం పక్షాన సాక్ష్యమవుతుంది.